గేటు దగ్గరే మొదలయ్యే ట్రాఫిక్: కొన్ని అపోహలు, వాస్తవాలు

కొత్త భవనం వస్తే చుట్టుపక్కల రోడ్ల మీద ఎంత భారం పడుతుందో ముందే లెక్కకట్టడం నా పని. ట్రాఫిక్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్ అంటారు. హైదరాబాద్‌లో ఏ సైటుకు వెళ్లినా బిల్డర్ల నోట, కాలనీ వాళ్ల నోట ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: మా ముందు వంద అడుగుల రోడ్డుంది, ఇంక ఇబ్బందేముంది?

ఇలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి అన్ని అంతస్తులూ కలిపి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి ఎత్తేశారు. దాంతో ఎంత ఎత్తు కట్టొచ్చన్నది ముఖ్యంగా ముందున్న రోడ్డు వెడల్పును, సెట్‌బ్యాక్‌లను (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాను) బట్టి తేలడం మొదలైంది. కానీ ఆ రోడ్డు ఎన్ని బండ్లను మోయగలదో తేల్చేది దాని చివర ఉన్న జంక్షన్. సిగ్నల్ దగ్గర దారి వెడల్పును 525తో గుణిస్తే, గంటంతా పచ్చ లైటే ఉన్నప్పుడు ఎన్ని పీసీయూలు దాటతాయో వస్తుంది. ఇది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూత్రం. బండ్లన్నిటినీ కారుతో పోల్చి లెక్కించే కొలతే పీసీయూ. 7 మీటర్లకు 3,675 వస్తుంది. సిగ్నల్ ఒక చుట్టు తిరిగే 120 సెకన్లలో ఆ వైపుకు పచ్చ లైటు దక్కేది 40 సెకన్లే అయితే గంటకు దాటేవి 1,225 మాత్రమే. రోడ్డు పొడవునా ఇంకో లేన్ కలిపినా, సిగ్నల్ దగ్గర వెడల్పు పెరగకపోతే ఈ అంకె కదలదు.

అపోహ: వేల బండ్లు తిరిగే రోడ్డులో మా రెండొందల కార్లు ఏ మూలకు?

రోడ్డు సగం ఖాళీగా ఉంటే నిజంగానే తేడా తెలియదు. నిండే దశలో ఉంటే కథ మారుతుంది. క్యూ లెక్కల్లో అన్నిటికంటే సులువైన దాన్ని తీసుకున్నా, సామర్థ్యంలో 80 శాతం వాడుకలో ఉన్నప్పుడు దాటడానికి పట్టే సమయం, వాడుక 90 శాతానికి చేరితే రెట్టింపు, 95 శాతానికి చేరితే నాలుగు రెట్లు అవుతుంది. అందుకే అనుమతి వచ్చి ఇంకా కట్టని పక్క ప్రాజెక్టులను కూడా లెక్కలో కలపాలని పట్టుబడతాను. టవర్లను విడివిడిగా చూస్తే దేనివల్లా ఇబ్బంది లేనట్టే ఉంటుంది.

అపోహ: పార్కింగ్ కావలసినంత ఇచ్చాం, రోడ్డు మీద సమస్య రాదు.

నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ ఇక్కడ పుట్టినవే. గేటు దగ్గర బూమ్ బారియర్ లేచి దిగడానికి, సెక్యూరిటీ వాళ్లు చూసి పంపడానికి ఒక్కో కారుకు 15 సెకన్లు పడుతుందనుకుందాం. గంటకు 240 కార్లు లోపలికి వెళ్తాయి. ఆఫీసు వేళ ఒక గంటలో 400 వస్తే, గంట ముగిసేసరికి 160 కార్లు బయటే ఉంటాయి. కారుకు 6 మీటర్లు వేసుకుంటే 960 మీటర్ల లైను! సెల్లార్లలో మాత్రం బోలెడంత చోటు ఉంటుంది. బారియర్‌ను లోపలికి జరిపి, రెండు లేన్లు పెడితే గంటకు 480 పోతాయి. డ్రాయింగ్ దశలో ఇది ఒక గీత మార్చడమే. ర్యాంపు పోశాక ఎవరూ ముట్టుకోరు.

ఒక స్కూలు వాళ్లు అంతా కట్టేశాక నన్ను పిలిచారు. బస్సులకు లోపల చోటుంది, కార్లలో, స్కూటర్ల మీద వచ్చే తల్లిదండ్రుల గురించి ఎవరూ ఆలోచించలేదు. రోజు మొత్తం మీద చూస్తే వచ్చే బండ్లు తక్కువే, కానీ అన్నీ ఓ ఇరవై నిమిషాల్లోనే వస్తాయి. రెండో వరుసలో ఆగిన కారులోంచి ఓ చిన్న పాప రోడ్డు వైపు డోరు తీసుకుని దిగడం చూశాను. వెనకాల బస్సు బ్రేక్ వేసింది కాబట్టి సరిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. పిల్లల్ని లోపలే దించే లేన్ ఒక్కటి ముందే గీసి ఉంటే ఆ పాప రోడ్డు మీద దిగాల్సిన పనే లేదు.

అపోహ: ఏదో ఒక రోజు బండ్లు లెక్కపెడితే చాలు.

ఏ రోజన్నదే ముఖ్యం. స్కూళ్ల సెలవుల్లో చేసిన కౌంట్ పనికిరాదు. ఫంక్షన్ హాలు పక్కన ఆషాఢంలో లెక్కపెడితే రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ చూడాల్సింది మంచి ముహూర్తం ఉన్న రోజు సాయంత్రం. ఏ రకం భవనానికి ఎన్ని బండ్లు వస్తాయో చెప్పే అమెరికా మాన్యువల్‌లోని రేట్లు దించుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. వాటిలో మన బైకులు, షేర్ ఆటోలు, కంపెనీ బస్సులు ఉండవు. అలాంటి భవనమే దగ్గర్లో నడుస్తుంటే దాని గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టడం మేలు.

అపోహ: మెట్రో స్టేషన్ పక్కనే ఉంది, కార్లు తక్కువే వస్తాయి.

మ్యాప్‌లో పక్కనే ఉంటుంది. నేను నడిచి చూస్తాను. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, దాటడానికి వీల్లేని డివైడర్, చుట్టూ తిప్పే కాంపౌండ్ గోడ ఉంటే జనం కారే తీస్తారు. స్టేషన్ వైపు గోడలో మనుషులకు ఒక చిన్న గేటు పెట్టమని ప్రతిసారీ రాస్తాను. చాలా చోట్ల సెక్యూరిటీ పేరుతో దానికి తాళం వేస్తారు. ఆ గేటు రోజంతా తెరిచి ఉంచుతామని రాసిచ్చిన చోటే మెట్రో పేరుతో కార్ల సంఖ్య తగ్గిస్తాను.