కణం ఏ దశలో ఉందో స్కోరు చెబుతుందా?

రొమ్ము క్యాన్సర్ బయాప్సీ రిపోర్టుల్లో ‘కి-67’ అనే ప్రొటీన్ పక్కన తరచూ ఒక శాతం కనిపిస్తుంది. గడ్డలోని క్యాన్సర్ కణాల్లో ఎన్ని విభజన పనిలో ఉన్నాయో తెలిపే అంకె అది. పాథాలజిస్టు ఆ ప్రొటీన్‌కు రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసి లెక్కపెడతారు. ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏను (పనిచేస్తున్న జన్యువుల నకళ్లను) విడిగా చదివే సింగిల్ సెల్ పద్ధతిలోనూ అదే ప్రశ్న వస్తుంది, కాస్త వివరంగా: ఈ కణం విభజనలో ఉందా, ఉంటే ఏ దశలో?

ఒక్క జన్యువును చూసి చెప్పేయలేం. కణంలోని ఆర్‌ఎన్‌ఏలో యంత్రానికి చిక్కేది కొంతే కాబట్టి, జన్యువు చక్కగా పనిచేస్తున్నా లెక్కలో సున్నా పడొచ్చు. అందుకే జన్యువుల గుంపును నమ్ముతారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలపై 2016లో వచ్చిన అధ్యయనంతో ప్రాచుర్యం పొందిన జాబితాలనే ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. డీఎన్‌ఏ రెట్టింపయ్యే ఎస్ దశకు పీసీఎన్‌ఏ, ఎంసీఎం5 లాంటివి 43. ఆ తర్వాత విభజనకు సిద్ధమయ్యే జీ2, కణం రెండుగా చీలే ఎం దశలకు కలిపి టాప్2ఏ, సీడీకే1 లాంటివి 54.

జాబితాలోని జన్యువులకు ఉత్త సగటు తీస్తే, ఆర్‌ఎన్‌ఏ బాగా చిక్కిన కణాలకు ఊరికే మార్కులు పడిపోతాయి. ‘స్యూరా’ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ దీనికి ఒక ఉపాయం చేసింది. డేటా మొత్తంలో సగటున ఇంచుమించు అదే స్థాయిలో కనిపించే వేరే జన్యువులను లాటరీ తీసినట్టు ఎంచుకుని, వాటి సగటును ఇందులోంచి తీసేస్తుంది. మిగిలిందే స్కోరు. ఎస్ స్కోరు 0.4, జీ2-ఎం స్కోరు -0.1 వస్తే ఆ కణానికి ఎస్ అని పేరు పెడుతుంది. రెండూ సున్నాకంటే తక్కువైతే జీ1, అంటే ఎస్‌కు ముందు దశ.

చిక్కంతా ఇక్కడే. జీ1కంటూ విడిగా జాబితా లేదు. మిగతా రెండూ కానిదల్లా జీ1. విభజన పూర్తిగా మానేసిన కణాలూ అందులోకే వస్తాయి. పైగా పోలిక ఆ డేటాలోపలే జరుగుతుంది కాబట్టి స్కోర్ల సగటు సున్నా దగ్గరే ఉంటుంది. అసలు విభజించని న్యూరాన్లను (నాడీకణాలను) ఇచ్చినా కొన్నింటికి ఎస్ అని, కొన్నింటికి జీ2-ఎం అని ముద్ర పడుతుంది. అందుకే పేరుకంటే ముందు టాప్2ఏ లాంటి జన్యువులు నిజంగా కనిపిస్తున్నాయో లేదో చూడటం మంచిది.

కణాలు రకాలవారీగా కాక దశలవారీగా గుంపులు కడుతుంటే, ఈ స్కోర్ల ప్రభావాన్ని గణితంతో తీసేస్తారు. రక్తకణాలు పుట్టే వరుసలో మాత్రం అలా తుడిచేస్తే నష్టమే. అక్కడ నిద్రాణమైన మూలకణాలకూ, చకచకా విభజించే వాటి సంతతికీ ఉన్న తేడాయే కావాల్సిన సమాచారం. అలాంటప్పుడు రెండు స్కోర్ల మధ్య వ్యత్యాసాన్ని మాత్రమే తీసేస్తారు. ఎస్, జీ2-ఎంల మధ్య తేడా పోతుంది, విభజిస్తున్నాయా లేదా అన్నది మిగులుతుంది.