ఊరి లెక్క ఊరికి చెప్పేదెవరు?

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 గ్రామ పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ కింద తమ ఊరికి ఏ పనులు కావాలో జనమే తీర్మానం చేయాలన్నారు. అనంతపురం జిల్లాలోనూ అలాగే జరిగింది. మంచి పనే. కాకపోతే అడిగిన పని మంజూరయ్యాక ఎంత ఖర్చు పెట్టారు, ఎవరికి ఎంత ముట్టింది, సగంలో ఎందుకు ఆపారు అని నిలదీసే సందర్భం మాత్రం ఊరికి ఇంత ఆర్భాటంగా రాదు. పని అడిగేటప్పుడు అందరూ కావాలి, లెక్క చెప్పేటప్పుడు ఎవరూ అక్కర్లేదు. రాయలసీమ పల్లెల్లో ఈ అలవాటు ఎంత పాతదో చూస్తే తప్ప, పంచాయతీలకు అధికారాలు ఇవ్వాలన్న డిమాండు ఎన్నాళ్లయినా ఎందుకు తెగడం లేదో అర్థం కాదు.

1800లో నిజాం, రాయలసీమలో చాలా భాగం ఉన్న దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 వరకు ఉన్నాడు. పాళెగాళ్లను అణచి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. సీమ జనానికి ఆయన మీద అభిమానం ఎంతంటే పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయే నాటికి ఆయన మద్రాసు గవర్నరు. అయితే కలెక్టరు రైతుతో నేరుగా మాట్లాడతాడన్నది కాగితం మీది మాట. ఊళ్లో ఆ కాగితం రాసేది కరణం. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట పెట్టారు, ఎంత భూమి బీడు పడింది, ఎవరు శిస్తు బాకీ ఉన్నారు, అన్నీ ఆయన రాసే అడంగల్ అనే పంటల రిజిస్టరులోనే. దస్త్రం ఆయన ఇంట్లోనే. రెడ్డి పెత్తనం, కరణం లెక్క, ఈ రెండూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. ఏడాదికోసారి జమాబందికి, అంటే శిస్తు లెక్కల తనిఖీకి, పైఅధికారి వస్తే ఆయన ముందు దస్త్రం విప్పేవారు. రైతు చేతులు కట్టుకుని పక్కన నిలబడేవాడు. ఊరి లెక్క పైవాడికి చెప్పాల్సిందే తప్ప ఊరికి చెప్పాల్సింది కాదన్న పద్ధతి అక్కడ గట్టిపడింది.

ఆ వారసత్వ పదవులను 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. సీమలో చాలా ఊళ్లకు అదొక పెద్ద మలుపు. పెత్తందారీతనానికి నిజంగానే దెబ్బ తగిలింది. కానీ రికార్డు కరణం ఇంటి నుంచి మండలాఫీసుకు పోయిందే గానీ రచ్చకట్ట మీదికి రాలేదు. 2002లో పంచాయతీ కార్యదర్శుల వ్యవస్థ వచ్చినప్పుడు రెవెన్యూ పని కూడా పంచాయతీ గడపలోకి వచ్చింది. 2007లో వీఆర్వోలను (గ్రామ రెవెన్యూ అధికారులను) మళ్లీ పెట్టి ఆ పనిని రెవెన్యూ శాఖ వెనక్కి తీసేసుకుంది. ఇచ్చినట్టే ఇచ్చి తీసుకోవడం తర్వాత కూడా చాలాసార్లు చూశాం.

ఇక ఎన్నికైన సంస్థల దారి వేరుగా నడిచింది. 1882లో స్థానిక స్వపరిపాలన మీద వైస్రాయ్ రిప్పన్ తీర్మానం, 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం, ఆ తర్వాత జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు. రోడ్లు, సత్రాలు, బడులు, ఆసుపత్రుల వరకు వాటి పని. ఆడిట్ ఉండేది, అభ్యంతరాలు రాసేవాళ్లు, వాటికి జవాబులు రాసేవాళ్లు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ కచేరీల మధ్యనే తిరిగేవి. పన్ను కట్టినవాడికి అందులో చోటు లేదు.

స్వతంత్రం వచ్చాక బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో గ్రామ పంచాయతీ, కొన్ని ఊళ్లకు కలిపి సమితి, జిల్లా పరిషత్ అనే మూడంచెల వ్యవస్థను సిఫారసు చేసింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో మొదలైతే, తొమ్మిది రోజులకే, అక్టోబరు 11న, మన షాద్‌నగర్‌లో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు వారు. ఆయన తర్వాత వచ్చిన దామోదరం సంజీవయ్య కర్నూలు జిల్లావారు. పంచాయతీరాజ్‌ను తొలి రోజుల్లో నడిపించింది సీమ నాయకులేనని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. విషాదమేమిటంటే ఆ వ్యవస్థను ముఠాలు ఎక్కువగా కమ్మేసింది కూడా సీమలోనే. బడి ఎక్కడ కట్టాలి, అప్పు ఎవరికి ఇవ్వాలి, కాంట్రాక్టు ఎవరికి పోవాలి అన్నవి సమితి ప్రెసిడెంటు చేతిలోకి వచ్చాయి. ఆ కుర్చీ ఎవరిదో తేల్చేది ప్రధానంగా సర్పంచుల ఓట్లు. సర్పంచి ఓటుకు అంత విలువ వచ్చేసరికి సర్పంచి ఎన్నిక ఊళ్లో రెండు వర్గాల బలపరీక్షగా మారింది. ఓడిన వర్గం ఐదేళ్లు వీధిలైటు కూడా అడగలేని ఊళ్లు ఉండేవి. అలాంటి ఊళ్లో సర్పంచిని గ్రామసభలో లెక్క అడగడమంటే నీళ్ల ట్యాంకు ఖర్చు గురించి అడగడం కాదు, ఎదుటి పార్టీ తరఫున సవాలు చేయడం కిందే లెక్క. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఏ చట్టం రాసినవాళ్లూ ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోలేదన్నది నా బాధ.

తర్వాతి మార్పులు తెలిసినవే. సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1986 చట్టం ప్రకారం 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ చైర్మన్లను జనం నేరుగా ఎన్నుకున్నారు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి అనుగుణంగా 1994లో మన పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. నేరు ఎన్నిక పోయి, అధ్యక్షులను మండల సభ్యులు (ఎంపీటీసీలు), జిల్లా పరిషత్ సభ్యులు (జెడ్పీటీసీలు) ఎన్నుకోవడం రావడంతో, ఓటింగు దాకా వాళ్లను దాచిపెట్టే క్యాంపులు మళ్లీ మొదలయ్యాయి. మహిళలకు, దళితులకు రిజర్వేషన్లు తప్పనిసరి కావడం మాత్రం ఆ సవరణ చేసిన గొప్ప మేలు. ఐదేళ్ల గడువు తీరేలోగా ఎన్నిక జరపాలని రాజ్యాంగమే చెప్పింది. పంచాయతీలు చూడదగ్గ 29 అంశాలను పదకొండో షెడ్యూలులో రాసింది. వాటిని పంచాయతీలకు బదలాయించాలా వద్దా అన్నది మాత్రం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలేసింది. ఆ వెసులుబాటును ఏ పార్టీ ప్రభుత్వమూ వదులుకోలేదు.

1997లో జన్మభూమి వచ్చింది. అధికారులు ఊళ్లోకి వచ్చి జనం ముందు కూర్చోవడం అప్పటికి కొత్త. అదే కాలంలో నీటి సంఘాలు, విద్యా కమిటీలు, వాటర్‌షెడ్ కమిటీలు వచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో ఖాతా, ఒక్కో శాఖ. సర్పంచి పక్కన నిలబడి చూడాల్సి వచ్చింది. జనాన్ని పాలనలో కలుపుకోవడం మంచిదే, కానీ జనం ఓటేసి గెలిపించిన సంస్థను పక్కకు నెట్టి కలుపుకుంటే రేపు అడగడానికి ఎవరూ మిగలరు.

ఇదంతా ఒక ఎత్తయితే, అనంతపురంలో 2006లో జరిగింది మరొక ఎత్తు. ఆ ఏడాది ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. తొలి విడత 200 జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇక్కడి జనం దాన్ని ఈనాటికీ కరువు పని అనే అంటారు. అంతకుముందు పనికి ఆహార పథకంలో బియ్యం ఎటు పోయాయో, మిషన్లతో తవ్వించి కూలీల పేర్లు ఎలా రాసుకున్నారో చూసినవాళ్లు కాబట్టి కొత్త పథకం మీద నమ్మకం తక్కువ. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను గ్రామసభకు సామాజిక తనిఖీ అధికారం ఇచ్చింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి జన్ సున్‌వాయిలు అనే బహిరంగ విచారణలు పెట్టి, మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, అందరి ముందు చదివించిన అనుభవం ఉంది. వాళ్ల శిక్షణతో 2006లోనే అనంతపురం జిల్లాలో పాదయాత్రగా ఊరూరా తనిఖీ చేశారు. తర్వాత దాన్ని రాష్ట్రమంతా విస్తరించారు. 2009లో దీనికోసమే విడిగా ఒక సొసైటీ పెట్టారు.

ఆ పద్ధతిని దగ్గరగా చూడాలి. కూలీల కుటుంబాల్లోంచే చదువుకున్న యువతీ యువకులను ఎంచుకునేవారు. వాళ్లను సొంత ఊళ్లో తనిఖీకి వేసేవారు కాదు. మస్టర్లు, పని కొలతలు రాసే ఎం-బుక్కుల నకళ్లు తీసుకుని ఇంటింటికీ తిరిగేవారు. నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాశారు, చేశావా, డబ్బులు అందాయా అని అడిగేవారు. జాబ్ కార్డు నంబరు, పేరు, పని దినాలు, ఇచ్చిన కూలి ఊరి గోడ మీద రాసేవారు. చదువు రాని అవ్వకు మనవరాలు చదివి చెప్తే, నేను ఆ వారం ఊళ్లోనే లేను కదా అని అక్కడికక్కడే తేలిపోయేది. టేపు పట్టుకుని గుంత కొలిచేవారు. ఎం-బుక్కులో రాసిన లోతు, నేలమీద ఉన్న లోతు పక్కపక్కన పెట్టేవారు. చివర మండల కేంద్రంలో షామియానా కింద ప్రజావేదిక. ఒక వైపు అధికారులు, ఎదురుగా కూలీలు, మైకులో ఒక్కో ఊరి నివేదిక. ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు నిలబడి జవాబు చెప్పాలి. చచ్చిపోయినవాళ్ల పేరు మీద డబ్బు తీశారన్న మాట అందరి ముందు వినిపిస్తుంది. రెండు వందల ఏళ్లుగా పైవాడి ముందే విప్పిన దస్త్రం కూలి మనిషి ముందు విప్పినట్టయింది. సీమలో ఇంతకంటే పెద్ద ప్రజాస్వామ్య కార్యం నేను ఎరగను. ముఠా భయాన్ని కూడా ఈ పద్ధతి కొంత జయించింది. ప్రశ్న అడిగేది ఎదుటి వర్గం మనిషి కాదు, పక్క ఊరి నుంచి కాగితం పట్టుకుని వచ్చిన కూలి బిడ్డ.

లోపాలు లేవని కాదు. దొరికిన తప్పు మీద చర్య తీసుకునే అధికారం గ్రామసభకు లేదు. నివేదిక జిల్లాకు పోతుంది, అక్కడ సంజాయిషీలు, వాయిదాలు. రికవరీ రాసినంత రాదు. తీసేసిన మనిషి కొన్నాళ్లకు మళ్లీ కనిపించడం కూలీలకు తెలిసిన సంగతే. ఈ నివేదికలను పరిశీలించిన పరిశోధకులు మరో మాట చెప్పారు. కూలికి సంబంధించిన ఫిర్యాదులు కాలక్రమంలో తగ్గాయి, పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల వైపు అక్రమాలు మళ్లాయి. 2012లో సామాజిక తనిఖీకి, అవినీతి నివారణకు రాష్ట్రం ప్రత్యేక చట్టం కూడా చేసింది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోటు వేరే ఉంది. కరువు పనికి ఇంత తనిఖీ ఉంటే, అదే ఊరి పంచాయతీ సొంత ఖాతాకు ఇలాంటిది రాలేదు.

ఆ ఖాతా గతి చూద్దాం. 2011లో, మళ్లీ 2018లో పంచాయతీల గడువు తీరినా ఎన్నికలు పెట్టకుండా ప్రత్యేకాధికారులతో నెట్టుకొచ్చారు. మొదటిసారి 2013 దాకా, రెండోసారి 2021 ఫిబ్రవరి దాకా. ఈలోగా 2019లో యాభై ఇళ్లకు ఒక వాలంటీరు, ఆ తర్వాత గ్రామ సచివాలయాలు వచ్చాయి. పింఛను ఇంటికే రావడం ముసలివాళ్లకు పెద్ద ఊరట, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఆ సిబ్బందిని సర్పంచికి జవాబుదారీ చేయలేదు. 2021 మార్చిలో సర్పంచి అధికారాలు కొన్ని వీఆర్వోకు ఇస్తూ జీవో వస్తే హైకోర్టు దాన్ని నిలిపేసింది. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద మళ్లించారని సర్పంచులు రోడ్డెక్కారు. బ్లీచింగ్ పౌడరుకు డబ్బుల్లేక అప్పు చేసిన సర్పంచిని లెక్క చెప్పమని ఎవరు అడుగుతారు? 2021 ఎన్నికల్లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. ఊళ్లో గొడవ తగ్గుతుందని ఆశ. సీమలో ఏకగ్రీవం అంటే చాలాచోట్ల పెద్దమనుషులు కూర్చుని తేల్చడం, కొన్నిచోట్ల వేలంపాట. పదవిని కొనుక్కున్నవాడు ఊరికి జవాబు చెప్పాలన్న అవసరమే అనుకోడు.

2021లో గెలిచినవారి ఐదేళ్ల గడువు 2026 వరకే. ఎన్నిక ఎప్పుడొచ్చినా ఒక పనికి కొత్త చట్టం అక్కర్లేదు. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందు పెట్టాలని 1994 చట్టం చెబుతూనే ఉంది. కరువు పని లెక్క గోడ మీద రాసిన చేతులు ఈ జిల్లాలో ఉన్నాయి. వాళ్లకే పంచాయతీ నగదు పుస్తకం ఇచ్చి ఇంటిపన్ను ఎంత వచ్చింది, కుళాయిల మరమ్మతుకు, వీధిలైట్లకు, పారిశుధ్యానికి ఎంత పోయింది, పైనుంచి రావాల్సింది ఎంత ఆగిపోయింది అని రాయించవచ్చు. ఆగిపోయిన నిధుల వరుస కూడా ఆ గోడ మీద ఉంటే సర్పంచి తప్పు ఎంత, ప్రభుత్వం తప్పు ఎంత అన్నది ఊరే తేల్చుకుంటుంది.