ర్యాప్ కన్నా ముందే మారిన పాట

ఫోక్ పాటలతో పేరు తెచ్చుకున్నవాళ్లు ర్యాప్ వైపు మళ్లినప్పుడల్లా వరంగల్, కరీంనగర్ దిక్కు ఒకటే లొల్లి. బతుకమ్మ పాటల సీజన్ దగ్గరపడితే అది ఇంకాస్త ముదురుతుంది. పాటను ఖరాబు చేస్తున్నారని ఒక వర్గం, ఇన్నాళ్లకు చెవికి కొత్తది తగిలిందని ఇంకో వర్గం. ఈసారి లొల్లిలో ఉన్న గొంతు ఎవరిదన్నది పెద్ద విషయం కాదు. పేరు మారుతుంది, వాదన మాత్రం అదే.

హిప్ హాప్ న్యూయార్క్ వీధుల్లో ఎట్లా పుట్టిందో, గద్దర్ గొంగడి వేసుకుని పాటను ఊరూరా ఎట్లా తిప్పాడో పాఠకులకు తెలుసు. ఆ రెండు కథలూ ఇక్కడ అక్కర్లేదు. ఈ తగవు అర్థం కావాలంటే 2014 నుంచి రెండు మూడేళ్ల కాలం చూడాలి. అప్పటికి ఈ జిల్లాల పాటల్లో ర్యాప్ ఊసు పెద్దగా లేదు. పాట మారింది మాత్రం అప్పుడే.

2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ పాటల సభ ధూంధాం పన్నెండేళ్లపాటు ఉత్తర తెలంగాణ గాయకులకు వేదికా అయింది, బడీ అయింది. ఒకరు పల్లవి ఎత్తుకుంటే వెనక నలుగురు అందుకునేవారు. గొంతు బొంగురుపోతే పక్కనున్నవాళ్లు చరణం లాగేవారు. పాటకూ పాటకూ మధ్య మాట నడిచేది. నీళ్ల గురించి, నిధుల గురించి, కొలువుల గురించి, మధ్యలో ఒక సామెత, ఒక చురక. రాసింది ఎవరు, బాణీ ఎవరిది అని సభలో అడిగినవాళ్లు తక్కువ. పాట అందరిదీ అన్నది అప్పట్లో సిద్ధాంతం కూడా, సౌకర్యం కూడా.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సభ దేనికోసం పెట్టారో అది నెరవేరింది, దాంతో సభే లేకుండా పోయింది. ప్రభుత్వం తన పథకాలను ఆటపాటలతో ప్రచారం చేసే తెలంగాణ సాంస్కృతిక సారథిని పెట్టి, ధూంధాం మనిషి రసమయి బాలకిషన్‌ను అధ్యక్షుడిని చేసి, 550 మంది కళాకారులను కొలువులోకి తీసుకుంది. జీతం రావడం చిన్న సంగతి కాదు. ఏళ్లతరబడి ఎవరి ఇంట్లోనో తిని, ఎవరి బండి మీదనో తిరిగినవాళ్లకు నెలనెలా జీతం అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. కానీ చెరువుల పూడికతీత మీద, మొక్కల పెంపకం మీద పాడమన్నప్పుడు పాడాలి. నిన్నటిదాకా అడిగిన గొంతు ఇప్పుడు ప్రచారం చేయాల్సి వచ్చింది. ఇక ఆ 550లో పేరు రానివాళ్లకు వేదికా లేదు, జీతమూ లేదు.

సరిగ్గా ఆ సందులో 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా చవకైంది, ఊళ్లో ప్రతి చేతిలోకీ పాట వచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి యూట్యూబ్ ఛానల్ మై విలేజ్ షో, అందులో కనిపించే గంగవ్వ ఎదిగిన కాలమూ ఇదే. స్టూడియో పెట్టడానికి హైదరాబాద్ పోనక్కర్లేదని తేలిపోయింది. కరీంనగర్‌లో, హనుమకొండలో చిన్న గదుల్లో మైకు, కంప్యూటర్, గోడలకు స్పాంజి. గాయకుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా నిలబడి ట్రాక్ మీద పాడతాడు. డప్పు కంప్యూటర్‌లోంచి వస్తుంది. కోరస్ కావాలంటే ఆయన గొంతునే నాలుగుసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పెడతారు. యూట్యూబ్‌లో వీడియో బొమ్మ (థంబ్‌నెయిల్) మీద ఒకే ముఖం. ఇవన్నీ జరిగినప్పుడు జానపదం పోయిందని ఎవరూ గుండెలు బాదుకోలేదు. డీజే బాక్సుల్లో ఆ పాటలే మోగుతుంటే పెండ్లి ఊరేగింపుల్లో, అంటే బరాత్‌లలో, అందరూ ఎగిరారు. ఇప్పుడు ర్యాప్ మీద విరుచుకుపడుతున్నవాళ్లలో చాలామంది ఆ బరాత్‌లలో ముందు వరుసలో ఉన్నవాళ్లే.

ఇంకో దెబ్బ 2021లో పడింది. ఆ ఫిబ్రవరి చివర 'లవ్ స్టోరీ' సినిమా నుంచి 'సారంగ దరియా' వచ్చింది. రాసింది సుద్దాల అశోక్ తేజ, పాడింది మంగ్లి. పాట ఊపేస్తుండగానే వరంగల్ ప్రాంతపు జానపద గాయని ఒకరు ముందుకొచ్చారు. ఈ పాటను సేకరించిందీ, మా టీవీ జానపద పాటల పోటీ 'రేలా రె రేలా' వేదిక మీద పాడిందీ తానేనన్నారు. ఆ పోటీకి న్యాయనిర్ణేతల్లో సుద్దాల ఒకరు. చివరికి ఆమెకు పేరు, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించాల్సి వచ్చింది. సినిమా వరకు తగవు అక్కడితో సర్దుకుంది. కానీ అప్పటికే సినిమాతో పనిలేని ప్రైవేట్ పాటలతో బతుకుతున్న ప్రతి గాయకుడికీ ఒక సంగతి తలకెక్కింది. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాటకు రుజువు చూపించలేం, పక్కవాడు పాడితే ఆపలేం, మనం పాడితే ఎవరు అడ్డొస్తారో చెప్పలేం. పాట అందరిదీ అన్న మాట ధూంధాం రోజుల్లో బలం. పాట మీద డబ్బు పుట్టే రోజుల్లో అదే గొంతుకు చుట్టుకుంది.

ర్యాప్‌కు తలుపు ఇక్కడ తెరుచుకుందని నా అంచనా. 2019లో ముంబయి ర్యాపర్ కథతో హిందీ సినిమా 'గల్లీ బాయ్' వచ్చింది, నిజమే. హైదరాబాద్‌లో నోయెల్, రోల్ రైడా అంతకుముందు నుంచే తెలుగులో ర్యాప్ చేస్తున్నారు, అదీ నిజమే. రైడా 2018లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లాక ఊళ్లలో కూడా ఆ పేరు తెలిసింది. కానీ ఫ్యాషన్ ఒక్కటే అయితే ఒక పాటతో మోజు తీరిపోయేది. ఫోక్ గాయకుడికి ర్యాప్ ఇచ్చింది సొంత మాట. తన ఊరు, తన అప్పు, తన కులం పేరుతో పడ్డ మాటలు, తన చదువు, తనకు రాని కొలువు నోటిఫికేషన్ తన పేరుతో చెప్పుకోవచ్చు. వేరేవాళ్ల అమ్మమ్మ వచ్చి ఇది నాదని అనదు. పథకాల మీద పాడమని పురమాయించే అధికారీ ఉండడు. గాయకుల దిక్కు నుంచి వినిపించే వాదనలో నాకు బలంగా తోచేది ఇదే.

మల్లన్న, బీరప్ప కథలను డోలు మీద పాడుతూ చెప్పే ఒగ్గు కథ కూడా ర్యాపే కదా అని కొందరు అంటుంటారు. ఆ వాదన నన్ను ఒప్పించలేదు. ఒగ్గు కథలో వరుసలున్నాయి, వంశాలున్నాయి, ఎదురుమాట చెప్పేవాళ్లున్నారు. వేగంగా మాట్లాడినంత మాత్రాన రెండూ ఒకటైపోవు.

వ్యతిరేకించేవాళ్లంతా ఒకే కారణంతో లేరు. డీజే ఆపరేటర్ల బాధ తాళం గురించి. బరాత్‌లో మోగే తీన్మార్ దరువు నడక మూడు మీద సాగుతుంది. ర్యాప్ బీట్ నాలుగు మీద, చాలావరకు నెమ్మదిగా. పెండ్లికొడుకు ముందు ఎగురుతున్న గుంపు ఆ ముక్క రాగానే నిలబడిపోతుంది. అందుకే ఆ బిట్ కోసేసి పల్లవికి దూకించేస్తారు. హాస్టల్ పోరగాళ్ల బాధ ఇంకోటి. కాకతీయ యూనివర్సిటీలో, ఎన్ఐటీలో ముంబయి, అమెరికా ర్యాప్ విని పెరిగినవాళ్లకు ఇది అసలు ర్యాపే కాదు. కంప్యూటర్‌తో గొంతు సవరించే ఆటోట్యూన్ వేసి ప్రాస కలిపితే సరిపోదంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు మాటలే వినపడవు.

ఇందులో కొట్టిపారేయలేనిది బతుకమ్మ ఆడే ఆడవాళ్ల మాట. హనుమకొండ వేయి స్తంభాల గుడి దగ్గర బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు చూడండి. ఒకామె ఒక చరణం చెబుతుంది, చుట్టూ తిరిగేవాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. పాట రానివాళ్లకు కూడా ఆ ఒక్క మాటతో వరుసలో చోటు దొరుకుతుంది. ఈ ర్యాప్ పాటల్లో అట్లా అందుకునే చోటు తక్కువ. 2021లో ఏ.ఆర్. రెహమాన్ స్వరపరిచిన బతుకమ్మ పాట వచ్చినప్పుడు కూడా నాకు ఇట్లాగే అనిపించింది. అది కూర్చుని వినడానికి బాగుంది, చుట్టూ తిరిగి ఆడడానికి కాదు. అయితే ఆ అందుకునే గుంపును పాటలోంచి తీసేసింది ర్యాప్ కాదు. స్టూడియోలో ఒక్క గొంతును నాలుగుసార్లు రికార్డు చేసిన రోజే అది పోయింది. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ల బదులు బాక్సులు పాడుతున్నది అప్పటినుంచే.

డబ్బుల కోసమే ఇదంతా అన్న నింద కూడా ఉంది. లెక్క చూస్తే అది నిలబడదు. ఈ జిల్లాల్లో గాయకుడికి చేతి నిండా పని దొరికేది బతుకమ్మ, బోనాలు, ఎన్నికల సీజన్లలో. 2018లోనూ 2023లోనూ అసెంబ్లీ ఎన్నికలకు పార్టీలన్నీ జానపద బాణీల కోసమే తిరిగాయి. అభ్యర్థి పేరు, గుర్తు పెట్టి రాత్రికి రాత్రే పాట కట్టించుకున్నాయి. ర్యాప్ కట్టమని డబ్బు పట్టుకుని తిరిగే నాయకులు అరుదు. పెండ్లివాళ్లు అసలే అడగరు. ర్యాప్ వైపు మళ్లిన గాయకుడు దొరికే పని వదులుకుని పోతున్నాడు. సర్పంచ్ ఎన్నికలు రాగానే ప్రచార పాటకు మళ్లీ ఫోన్ వస్తుంది, చాలామంది ఒప్పుకుంటారు కూడా. ఆ డబ్బుతోనే తర్వాతి ర్యాప్ వీడియో తీస్తారు.