ముందు బ్రేకంటే మనకి భయం ఎందుకు?

కోనసీమలో ఎవరికి బండి నేర్పినా మొదట చెప్పేది "ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావ్" అనే. నాకూ మా నాన్న అదే చెప్పాడు. ఈ మాట ఊరికే పుట్టలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు అల్లుకుని, ఆ గట్లే మనకి దారులయ్యాయి, నల్లమట్టి కదా, వాన పడితే కాలు నిలవదు, ఓ పక్క కాలవ, ఇంకో పక్క చేను. ఆ గట్ల మీద తిరిగిన రాజ్‌దూత్‌లకీ, పాత బుల్లెట్లకీ, 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100కీ అన్నిటికీ డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రం మధ్యలోని డ్రమ్ముకి లోపల్నుంచి లైనర్లు ఒరుసుకుని ఆపేవి. తడిమట్టిలో ముందు చక్రం బిగుసుకుంటే బండి మన చేతిలో ఉండదు, అందుకే అప్పట్లో ఆ భయం న్యాయమే.

తర్వాత గట్ల మీద తారు పడింది, సిమెంటు రోడ్లొచ్చాయి, 1999లో హీరో హోండా సీబీజెడ్, 2001లో పల్సర్ డిస్కు బ్రేకుతో (చక్రంతో తిరిగే పళ్ళేన్ని రెండు ప్యాడ్లు పట్టి ఆపేది) వచ్చాయి, భయం మాత్రం పోలేదు. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందుకి వచ్చేస్తుంది, వెనక చక్రం తేలికైపోయి జారుతుంది, బండిని ఆపే బలం సగానికి పైగా ముందు చక్రంలోనే ఉంటుంది. వెనకది ఒక్కటే తొక్కితే బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది, రావులపాలెం హైవే మీద లారీ వెనకాల అది చాలా ప్రమాదం.

2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బళ్ళలో 125 సీసీ దాటితే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది), ఆ లోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. సీబీఎస్ అంటే వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది, అంటే మనం వాడనిది బండే వాడుతుంది అన్నమాట. నాకు బాగా నచ్చిన మార్పు ఇది, కానీ ముందు డ్రమ్ములో లైనర్లు అరిగిపోయి, కేబులు తుప్పు పట్టి ఉంటే ఏం లాభం చెప్పండి.

మన దగ్గర బ్రేకులు త్వరగా పాడవుతాయి కూడా, అంతర్వేది వైపు ఉప్పుగాలి, వరదొస్తే కాజ్‌వేల మీద నీళ్ళు, రెండో పంట దాళ్వాకి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ల బురద. నీళ్ళు దాటాక నెమ్మదిగా పోతూ రెండు బ్రేకులూ కొంచెం కొంచెం పట్టి వదలండి, డ్రమ్ము ఆరుతుంది. చాలా బళ్ళకి డ్రమ్ము పక్కనే చిన్న బాణం గుర్తు ఉంటుంది, బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు అది గీత దాకా వచ్చేస్తే లైనర్లు అయిపోయినట్టే. డిస్కు బళ్ళకైతే బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్పించండి, లెవెల్ తగ్గిందని ఊరికే పోయించేయకండి, ముందు ప్యాడ్లు అరిగాయా, ఎక్కడైనా కారుతుందా చూడమనండి.