దయ్యానికి తెల్లబట్టలే ఎందుకు?

పోయిన నెల ఒక పాఠకుడు తాతగారి పాత ఫోటో పంపారు. తాత భుజం వెనక ఇంకొక ముఖం మసకగా కనిపిస్తోంది. "దీనికి సైన్సు దగ్గర జవాబుందా?" అని అడిగారు. ఉంది. ఫిలిం తిప్పడం మరిచిపోయి మళ్లీ మీట నొక్కితే వచ్చేది అదే. ఒకప్పుడు మన స్టూడియోలవాళ్లు దీన్నే కావాలని చేసి, పెళ్లికూతురి తలపైన మూలగా పెళ్లికొడుకు ముఖాన్ని తేలించేవారు. అప్పుడు ఎవరూ జడుసుకోలేదు, పైగా ఆల్బంలో మొదటి పేజీలో అంటించుకున్నారు.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. విక్టోరియా కాలపు 'ఆత్మల ఫోటోలు' వరసగా చూస్తే ఆత్మలు దాదాపు అన్నీ తెల్లగా, పలచగా, దుప్పటి కప్పుకున్నట్టుంటాయి. బతికినన్నాళ్లూ నల్లకోటులో తిరిగిన పెద్దమనిషి చనిపోగానే బట్టలు ఎందుకు మార్చుకున్నాడు?

1860ల మొదట్లో అమెరికాలోని బోస్టన్‌లో విలియం ముమ్లర్ అనే నగల నగిషీ పనివాడు తన ఫోటో తానే తీసుకుంటే, పక్కన ఒక అమ్మాయి నీడలా పడింది. ఫిలింకు బదులు అప్పట్లో వాడే గాజుపలక పాతదని, దాన్ని సరిగా తోమలేదని మొదట అతనే అనుకున్నాడట. చూసినవాళ్లు మాత్రం ఆత్మ అన్నారు. బయట అంతర్యుద్ధం సాగుతోంది, చావు లేని వీధి లేదు. ముమ్లర్ రేటు పెంచాడు: ఫోటోకి 10 డాలర్లు, మామూలు ధరకు ఎన్నో రెట్లు.

అసలు కిటుకంతా ఆ గాజుపలక మీదే ఉంది. నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలలో నానిన దూదిని ఈథర్, ఆల్కహాల్ కలిపిన ద్రవంలో కరిగిస్తే జిగురులాంటి కొలోడియన్ వస్తుంది. అందులో అయొడైడ్ కలిపి గాజుపై పోసి, సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచితే పలకపై సిల్వర్ అయొడైడ్ పొర కడుతుంది. తడి ఆరేలోగా ఫోటో తీసి, ఫెర్రస్ సల్ఫేట్, అదే మన అన్నభేది, పోసి బొమ్మ తేల్చాలి. వెలుగు పడిన చోటల్లా లోహపు వెండి పేరుకుంటుంది. వెలుగు పడని చోట ఏమీ జరగదు. బొమ్మ తేల్చేలోగా ఆ చోటు తర్వాతి వెలుగు కోసం ఖాళీగా కాచుకుని ఉంటుంది.

అంటే వెండి లవణానికి కూడిక వచ్చు, తీసివేత రాదు.

లెక్క వేసి చూద్దాం. కూర్చున్న మనిషి ముఖం నుంచి పలక మీద పడే వెలుగు 80 అనుకోండి, అతని నల్లకోటు నుంచి 3. అదే పలక మీద ముందుగా, నల్లతెర ముందు నిలబెట్టిన తెల్లదుప్పటి బొమ్మను 15 వంతుల వెలుగుతో తీసి ఉంచారు. కోటు మీద పడిన చోట 3 కాస్తా 18 అవుతుంది, ఆరు రెట్లు! ముఖం మీద పడిన చోట 80 కాస్తా 95 అవుతుంది, కంటికి ఆనదు. కాబట్టి ఆత్మ కోటు మీదా చీకటి గోడ మీదా స్పష్టంగా కనబడి, ముఖం దగ్గరికి రాగానే మాయమవుతుంది. చూసేవారికి అది మనిషి వెనక్కి వెళ్లినట్టే ఉంటుంది. ఇప్పుడు ఆత్మకు నల్లకోటు తొడగండి. దాని వంతు 1 లేదా 2. ఎక్కడ కలిపినా ఏమీ కనబడదు. దయ్యం దుస్తులు పరలోకంలో కాదు, ఈ కూడికలోనే నిర్ణయమయ్యాయి. బళ్లో కటక సూత్రం పదిసార్లు రాయిస్తారు. ఈ లెక్క ఒక్కసారి చేయిస్తే ఎంత బాగుండును.

ఫోటో దిగడానికి వచ్చేవారి సంగతీ చూడండి. ఆ కాలంలో అయినవారు పోతే నల్లబట్టలు కట్టేవారు. దుఃఖంతో వచ్చిన మనిషి, ఆత్మకు కావలసిన నల్లతెరను తానే ఒంటిమీద వేసుకుని వచ్చేది! సుమారు 1872లో ముమ్లర్ తీసిన మేరీ లింకన్ ఫోటోలో ఆమె నల్లని వితంతు దుస్తుల్లో కూర్చుంటే, వెనక నుంచి అబ్రహాం లింకన్ చేతులు ఆమె భుజాలపై తెల్లగా వాలి ఉంటాయి. అంతకన్నా మంచి చోటు ఆ పలక మీద లేదు.

ఇది రహస్యమూ కాదు. కలైడోస్కోప్ కనిపెట్టిన డేవిడ్ బ్రూస్టర్ 1856లోనే, ఫోటో తీస్తుండగా ఒక మనిషి మధ్యలో వచ్చి తప్పుకుంటే పారదర్శకమైన దయ్యం తయారవుతుందని వివరంగా రాశాడు. లండన్‌లో అలాంటి బొమ్మలు వినోదానికి అమ్మేవారు.

1869లో న్యూయార్క్‌లో ముమ్లర్‌పై మోసం కేసు నడిచింది. అతనికి ఎదురు సాక్ష్యం చెప్పినవాడు పి.టి. బార్నమ్! కోతికి చేప తోక కుట్టిన మత్స్యకన్యను చూపి డబ్బు గడించిన మనిషి. దొంగను పట్టడానికి దొంగే కావాలి మరి. బార్నమ్ కోసం అబ్రహాం బొగార్డస్ అనే ఫోటోగ్రాఫర్ లింకన్ 'ఆత్మ'తో ఒక ఫోటో చేసిపెట్టాడు కూడా. అయినా ముమ్లర్ ఏ పద్ధతి వాడాడో రుజువు కాలేదని జడ్జి వదిలేశాడు.

చదువుంటే మోసపోరని అనుకోవద్దు. ప్రకృతి వరణాన్ని డార్విన్‌తోపాటు కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1874లో లండన్‌లో ఫ్రెడరిక్ హడ్సన్ దగ్గర ఫోటో దిగి, పక్కన పడిన మసక రూపంలో తన తల్లిని గుర్తుపట్టాడు. కెమెరా ఇచ్చేది మసక మాత్రమే, దానికి ముక్కూ కళ్లూ దిద్దేది చూసేవాడు.

ఈ సంగతి తేటతెల్లంగా బయటపడింది పారిస్‌లో. 1875లో ఎడ్వార్ బ్యూగే స్టూడియోలో పోలీసులకు గుడ్డ చుట్టిన బొమ్మా, దానికి తగిలించే తలల పెట్టే దొరికాయి. బ్యూగే నేరం ఒప్పుకున్నాడు, ఏడాది జైలు పడింది. కానీ కోర్టుకు వచ్చిన సాక్షులు, అతను ఒప్పుకున్న తర్వాత కూడా, తమవాళ్ల ముఖాలు తమకు తెలియవా అని వాదించారు. పెట్టెలోని ఒకే తల ఒకరికి తోబుట్టువు, ఇంకొకరికి తల్లి, మరొకరికి స్నేహితురాలు అయింది.