గది కాస్తా కణమైన కథ

ఉల్లిపాయ రేకు లోపలి పొరను పల్చగా ఒలిచి, గాజు పలక మీద నీటి చుక్కలో పరిచి, ఒక బొట్టు సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. ఇటుకలు పేర్చిన గోడ కనిపిస్తుంది. పిల్లలకు ఆ ఇటుకల్ని చూపించి ‘ఇవి కణాలు’ అంటాం. పక్క పీరియడ్‌లో భౌతికశాస్త్రం మాస్టారు పదార్థమంతా కణాలమయం అంటారు. రెండూ ఒకటేనా అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లను తికమక పెట్టేది ఆ మాటే.

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ బిరడాలు చేసే బెండు బెరడును పదునైన కత్తితో పల్చగా కోసి చూశాడు. కనిపించిన ఖాళీ అరలకు ‘సెల్’ అని పేరు పెట్టాడు. చిన్న గది అని అర్థం. చదరపు అంగుళంలో 11,66,400 గదులుంటాయని లెక్క కూడా కట్టాడు! నిజానికి ఆయన చూసినవి ప్రాణం పోయాక మిగిలిన గోడలు. లోపల ఏముంటుందో తెలియడానికి చాలా కాలం పట్టింది. 1831లో రాబర్ట్ బ్రౌన్ కేంద్రకాన్ని గుర్తించి పేరు పెట్టాడు. మొక్కలన్నీ ఈ గదులతోనే తయారయ్యాయని 1838లో ష్లైడన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్ చెప్పారు. జంతువుల్లో గోడే లేదు, అయినా పేరు మాత్రం ‘గది’గానే ఉండిపోయింది.

ఆ పేరు మన భాషల్లోకి రకరకాలుగా వచ్చింది. హిందీలో కోశిక, కన్నడంలో జీవకోశ. కోశం అంటే ఒర, సంచి, ఖజానా. దేన్నో లోపల దాచుకున్నదన్న భావం అందులో ఉంది. మనం కణం అన్నాం. నిప్పుకణం, జలకణం లాంటి మాటల వల్ల మనకు కణమంటే రేణువే. రక్తకణానికి ఈ మాట చక్కగా అతుకుతుంది. ఉల్లిపొరలోని ఇటుకకు మాత్రం అతకదు. నన్నడిగితే మొదటి పాఠంలోనైనా ‘జీవకణం’ అనే అనాలి.

తెలుగులో విజ్ఞానశాస్త్రం రాయాలన్న పూనిక చాలా పాతది. కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. ఆ గ్రంథమాలకే వైద్యుడు ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం రాసిచ్చారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక ఇంటర్, డిగ్రీ పుస్తకాలతో పాటు పారిభాషిక పదాలూ వందలకొద్దీ వచ్చాయి. ఎక్కువ భాగం సంస్కృతం నుంచి కట్టినవే. అంతర్జీవ ద్రవ్యజాలం (కణం లోపలి పొరల అల్లిక, ‘ఎండోప్లాస్మిక్ రెటిక్యులం’) వంటివి నోరు తిరగనివ్వవు, నిజమే. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ‘వాక్యూల్’కు పెట్టిన ‘రిక్తిక’నే చూడండి. రిక్తహస్తాలతో తిరిగొచ్చాడు అంటాం కదా, ఆ రిక్తమే ఇది. కణం లోపల ఖాళీగా కనిపించే అర. ఈ ఒక్క ముక్క చెబితే పిల్లవాడు మళ్లీ మరిచిపోడు. ‘పత్రహరితం’ అంటే ఆకుపచ్చే, ‘క్లోరోఫిల్’కు మూలమైన గ్రీకు మాటల్లోనూ ఉన్నవి ఆకూ పచ్చదనమే. కణజాలం ఇంకా అందమైన మాట, కణాలతో అల్లిన వల.

ఎక్కువ నష్టం చేస్తున్నది ‘శ్వాసక్రియ’ అని నా అభిప్రాయం. శ్వాస అనగానే ముక్కు గుర్తొస్తుంది, ఊపిరితిత్తులు గుర్తొస్తాయి. అందుకే మొక్కలు రాత్రిపూటే శ్వాసిస్తాయని పెద్దవాళ్లు కూడా నమ్ముతుంటారు. అవి పగలూ రాత్రీ శ్వాసిస్తాయి. గాలి పీల్చి వదలడం ఒక పని, కణం లోపల గ్లూకోజు విడిపోయి శక్తి వెలువడటం ఇంకో పని. రెంటికీ ఒకే పేరు పెట్టాం.

అలా వెలువడిన శక్తిని కణం ఏటీపీ అనే అణువులో పట్టి ఉంచుకుంటుంది. ఆ అణువును కండరంలో కనుక్కున్నట్టు 1929లో హార్వర్డ్ నుంచి సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. శ్వాసక్రియ పాఠం చెప్పేటప్పుడు ఆయన పేరు పలికే తరగతి గదులు ఎన్ని ఉన్నాయి?