‘పైనుంచి ఓకే అన్నారా?’: గోదావరి క్లబ్బులకీ నాయకులకీ ఉన్న పాత లంకె

2025 అక్టోబరులో భీమవరం పేరు కొన్ని రోజులపాటు టీవీల్లో గట్టిగా వినిపించింది. అక్కడి డీఎస్పీ మీద ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌కి ఫిర్యాదులు వెళ్లాయి. పేకాట శిబిరాలు పెరిగాయని, సివిల్ తగాదాల్లో తలదూరుస్తున్నారని, కూటమి నాయకుల పేర్లు వాడుకుంటున్నారని వాటి సారాంశం. పవన్ జిల్లా ఎస్పీని నివేదిక అడిగారు. పక్క నియోజకవర్గం ఉండి ఎమ్మెల్యే, డిప్యూటీ స్పీకర్ రఘురామకృష్ణరాజు మాత్రం ఆ అధికారి గురించి తనకున్న సమాచారం మంచిదేనన్నారు. 13 ముక్కలాట (రమ్మీ) జూదం కిందకి రాదన్న సంగతీ గుర్తు చేశారు.

ఆ ఆరోపణల్లో నిజమెంతో తేల్చాల్సింది విచారణ చేసేవాళ్లు. ఒకే కూటమిలోని ఇద్దరు పెద్దవాళ్లు ఒకే ఊరి పేకాట గురించి ఇలా చెరో మాటా ఎలా అనగలిగారన్నదే నాకు ఆసక్తి. దానికి నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ‘క్లబ్బు’ సంగతి. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో క్లబ్ అంటే డీజే, డాన్స్ ఫ్లోరు. భీమవరం, తణుకు, అమలాపురం వైపు ‘మావాడు క్లబ్బుకెళ్లాడు’ అంటే పేకాటకెళ్లాడని. తెల్లవార్లూ నడుస్తుంది కాబట్టి నైట్ క్లబ్ అన్నా తప్పులేదు. రంగుల లైట్ల బదులు ట్యూబ్‌లైట్లుంటాయి, అంతే. నేను చూసిన ఒక క్లబ్బులో గుండ్రటి బల్ల చుట్టూ ఆరుగురు కూర్చుని ఉన్నారు. లైఫ్ (జోకర్ లేని వరస) పడనివాడు మొహం మాడ్చుకుని డ్రాప్ అంటూ ఆట వదిలేస్తున్నాడు. ధైర్యం చేసి ఆడినవాడు ఓడి ఫుల్ కౌంట్ 80 పాయింట్లు ఇచ్చుకున్నాడు. టీ గ్లాసులు తెచ్చే కుర్రాడికి ఎవరు చక్కెర లేకుండా తాగుతారో కూడా తెలుసు. గోడ మీద పాత అధ్యక్షుల ఫొటోలు వరసగా ఉన్నాయి. మొదటాయన నల్లకోటు లాయరు. తర్వాత ఇద్దరు రైసు మిల్లుల ఓనర్లు. చివరి రెండు రంగుల ఫొటోల్లో ఉన్నవాళ్లది రొయ్యల చెరువుల వ్యాపారం. అందులో ఒకాయన తర్వాత కౌన్సిలర్ కూడా అయ్యాడట. డెల్టా చరిత్రంతా ఆ గోడ మీదే ఉందనిపించింది.

ఆ నల్లకోటు వెనక ఉన్నది ఆనకట్ట. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. కాలువలొచ్చాయి, పంట నిలకడైంది, చేతిలో డబ్బు ఆడింది. భూమికి విలువొచ్చాక గట్టు తగాదాలు పెరిగాయి, వాటితో పాటే కోర్టులు, ప్లీడర్లు. దొరల క్లబ్బులను చూసి ఈ కొత్త పెద్దమనుషులు టౌన్‌హాళ్లు, రిక్రియేషన్ క్లబ్బులు పెట్టుకున్నారు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం అందుకు పనికొచ్చింది. నలుగురు కలిసి సంఘంగా రిజిస్టర్ చేసుకుంటే చాలు. పేపర్లు, షటిల్, బిలియర్డ్స్, ఓ మూల పేక. వచ్చేవాళ్లలో మునసబులూ ఉండేవారు, వాళ్ల ముందు వాదించే ప్లీడర్లూ ఉండేవారు. పట్టుకోవాల్సినవాడూ పట్టుబడాల్సినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మన ప్రాంతానికి అప్పుడే అలవాటైందని నా అనుమానం.

దాన్ని తిట్టినవాళ్లూ అప్పుడే ఉన్నారు. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టి, కోర్టుల్లో లంచాల మీదా, పెద్దలు మేజువాణీలు (భోగంవాళ్ల ఆటపాటలు) పెట్టించి దాన్నే గొప్పగా చెప్పుకోవడం మీదా ఏకకాలంలో దెబ్బకొట్టారు. ఆయన లెక్కలో ఆ రెండూ ఒకే జబ్బు. వినోదం పోషించేవాడికి అధికారం, అధికారం ఉన్నవాడికి వినోదం.

ఇక యానాం. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ మన జిల్లాలు, చట్టం మాత్రం వేరేవాళ్లది. శారదా చట్టం 1930లో అమల్లోకొచ్చి బాల్య వివాహాలు నేరమైనప్పుడు డెల్టా జనం పెళ్లిళ్ల బళ్లు కట్టుకుని ఫ్రెంచి యానాం వెళ్లిపోయారు. దానికి కల్యాణపురమన్న పేరే వచ్చింది. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి యానాం పుదుచ్చేరిలో భాగమయ్యాక మందు వంతు వచ్చింది. గట్టు దాటితే చట్టం మారిపోతుందని గోదావరి మనిషికి పుస్తకాల్లో చెప్పక్కర్లేదు.

మందు విషయంలో మన రాజకీయం మొదట్నుంచీ తడబడుతూనే ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి నిషేధం అన్ని జిల్లాలకీ పాకింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కల్లుగీత కార్మికుల బతుకు పోయిందని గౌతు లచ్చన్న ఉద్యమం చేశారు. నిషేధం ఎత్తేయమని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పినా ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మళ్లీ 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టారు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల సారా ఉద్యమం తెచ్చిన గెలుపది. ఆ రెండేళ్లూ యానాం అవతలి ఒడ్డున ఎదుర్లంక రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కే మగవాళ్లందరూ యానాంలో చుట్టాలున్నట్టే వెళ్లేవారు. అప్పటికి వంతెన లేదు, 2002లో వచ్చింది. 1997లో నిషేధం సడలింది. ఆ రెండేళ్లలో దొంగదారిన సరుకు తెప్పించడం ఎలాగో, ఎవరితో మాట్లాడుకోవాలో నేర్చుకున్నవాళ్లు ఉత్తినే ఊరుకోలేదు.

అక్కణ్నుంచి వేలం పాటలొచ్చాయి, పాటల వెనక సిండికేట్లు వచ్చాయి. ఎవరు ఎంతకి పాడాలో ముందే మాట్లాడుకోవడం, లైసెన్సు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది. 2011 చివర్లో ఏసీబీ ఉమ్మడి రాష్ట్రమంతా దాడులు చేసినప్పుడు తెల్లకార్డు ఉన్న కూలీల పేర్ల మీద కూడా షాపులున్నాయని తేలింది. మామూళ్ల పద్దుల్లో పోలీసులు, ఎక్సైజ్ సిబ్బంది, నాయకుల పేర్లు ఉన్నాయని అప్పట్లో పేపర్లు రోజూ రాశాయి. ఆ గొడవ తర్వాతే 2012లో వేలం తీసేసి లాటరీ పెట్టారు. 2019 అక్టోబరులో షాపులు ప్రభుత్వమే తీసుకుంది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకి, 3,396 షాపులు, తిరిగి ఇవ్వని రెండు లక్షల ఫీజు, దాదాపు 90 వేల దరఖాస్తులు. లాటరీ తగిలినవాళ్లని వాటా అడుగుతున్నారన్న ఫిర్యాదులు వెంటనే మొదలయ్యాయి. ఇసుక, మద్యం జోలికి పోవద్దని ముఖ్యమంత్రి చంద్రబాబు తన ఎమ్మెల్యేలకి చెప్పాల్సి వచ్చింది. పద్ధతి మారుతూ వచ్చింది, అడిగే చెయ్యి మారలేదు.

ఊళ్లలో ఇంకో సంగతి ఉంది, బయటివాళ్లు నమ్మరు. బెల్టుషాపు నడిపే హక్కుకి ఊరి పెద్దలే రామాలయం దగ్గర పాట పెడతారు. ఆ డబ్బుతో గుడి సున్నాలూ వేస్తారు, రోడ్డూ వేస్తారు. బెల్టుషాపు చట్టవిరుద్ధం. దాని వేలానికి మైకు ఉంటుంది. ఆ పాట ఆపమని అడిగే నాయకుడు ఆ ఊళ్లో ఓటు అడగలేడు. లంకె అంటే ఎప్పుడూ కవరులో పెట్టి ఇచ్చే డబ్బే కానక్కర్లేదు.

ఇక పేకాట చట్టం. అసలు ముడి ఇక్కడుంది. సికింద్రాబాద్‌లో ఓ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే, రమ్మీ ఆడుతున్నవాళ్ల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సత్యనారాయణ కేసుగా 1968 లా రిపోర్టుల్లో ఉంటుంది. మూడు ముక్కలాట కేవలం అదృష్టం, రమ్మీ అలా కాదు, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అంది కోర్టు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. దాని తర్వాతి మాట ఎవరూ చెప్పరు. క్లబ్బు కొద్దిపాటి ఛార్జీ తీసుకుంటే తప్పులేదు కానీ, పందెం కాసి ఆడే ఆట మీద క్లబ్బు నడిపేవాడు లాభం చేసుకుంటున్నాడని రుజువైతే నేరమవుతుందని కూడా అదే తీర్పులో ఉంది.

1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నైపుణ్యమున్న ఆటలకి మినహాయింపు ఇచ్చింది. 2020లో ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం పెట్టారు. క్లబ్బు బల్ల దగ్గర మాత్రం ప్రశ్న పాతదే. సీటుకి తీసుకునేది టీ ఖర్చా, లాభమా? తలుపు తోసిన క్షణంలో బల్ల మీద ఉన్నది 13 ముక్కలా, మూడు ముక్కలా? చెప్పాల్సింది ఎస్సై. ఎస్సై, సీఐ పోస్టింగులు ఎమ్మెల్యే సిఫార్సు లేఖతోనే వస్తాయన్నది ప్రతిపక్షంలో ఉన్న పార్టీ ఏదైనా చేసే ఆరోపణ. అధికారంలోకొచ్చాక ఆ ఆరోపణ ఎవరూ చేయరు. చట్టంలో ఖాళీ ఉన్నచోట ‘పైనుంచి ఓకే అన్నారా’ అన్న మాట దూరుతుంది. పేకకీ మందుకీ కోడికీ ఇదే సూత్రం. కాగితం మీద వద్దు, నోటిమాటగా సరే. ఆ నోటిమాటకే ధర.

ధర పెరగడానికి చెరువులు కూడా కారణం. 1980ల చివర నుంచి ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల వరి చేలు చేపల చెరువులయ్యాయి, తర్వాత రొయ్యలొచ్చాయి. వరి డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తే చెరువు డబ్బు చేపలో రొయ్యలో పట్టిన రోజే వస్తుంది. వైరస్ తగిలితే అంతే వేగంగా పోతుంది కూడా. రొయ్య పెంచేవాడికి పేకముక్క కొత్తగా నేర్పే రిస్కేమీ లేదు.

సంక్రాంతి మూడు రోజులూ ఇదంతా బహిరంగం. కోడిపందేల బరి పక్కనే గుండాట, కోతముక్క లాంటి జూదాలు, మందు కొట్లు. పక్క కృష్ణా డెల్టాలో 2022 సంక్రాంతికి గుడివాడలో ఏకంగా క్యాసినో పెట్టారని ప్రతిపక్షం ఆరోపిస్తే, అప్పటి మంత్రి అదంతా అబద్ధమన్నారు. ఇటు గోదావరిలో ఖండించే అవసరం కూడా పెద్దగా రాదు. బరి ప్రారంభించిన ప్రజాప్రతినిధి ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది, ఆయన చేతిలో పుంజు ఉంటుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మొదటి నేరానికి జరిమానా గరిష్ఠంగా 50 రూపాయలు. బరి దగ్గర కూల్‌డ్రింకు కూడా ఆ రేటుకి రాదు.

2016 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు పందేలు ఆపాలని, మండలానికో తనిఖీ బృందం వేయాలని ఆదేశించింది. బృందాలు పడ్డాయి. పందేలు నిషేధమని ఫ్లెక్సీలు కడతారు, కోళ్లకి కత్తులు కట్టేవాళ్లని బైండోవర్ చేస్తారు (తప్పు చేయమని ముందే పూచీ రాయించుకుంటారు), బరులు ట్రాక్టరుతో దున్నిస్తారు. ఒక భోగి ముందురోజు సాయంత్రం ఆ తంతు దగ్గరుండి చూశాను. కొబ్బరితోట పక్క చేను, కోత అయిపోయి మోళ్లు మిగిలాయి. బృందం వచ్చింది, ఖాళీ చేనుని సెల్‌ఫోన్లో నాలుగువైపుల నుంచి ఫొటో తీసింది. రెవెన్యూ ఉద్యోగి ఒకాయన జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. నిర్వాహకుడే పెన్ను ఇచ్చాడు, ఇంట్లోంచి మంచినీళ్లూ తెప్పించాడు. గట్టు మీద ట్రాక్టరు ఆగి ఉంది, తొట్టి నిండా సరుగుడు బాదులు, మడతపెట్టిన టెంట్లు. అవేమిటని ఎవరూ అడగలేదు.

నిర్వాహకుడి ఫోన్ మోగింది. ‘ఆఁ అన్నా... సరే అన్నా... మూడు రోజులే అన్నా’ అన్నాడు. జీపు కాలువ వంతెన దాటాక కుర్రాళ్లు ట్రాక్టరు తొట్టి తలుపు దింపారు.